"పాత బండి కదండీ!"

మా నాన్నగారు వదిలి వెళ్ళిన అంబాసిడర్‌కు రెండేళ్ళలో మూడు బ్యాటరీలు మార్పించిన ఘనత నాది. ప్రతిసారీ వినిపించిన కారణం ఒక్కటే: "పాత బండి కదండీ!" ఈ మూడు మాటల మీద చాలాకాలంగా పేరుకున్న కోపాన్ని ఇవాళ ఇక్కడ దించుకుంటున్నాను. ఓపికతో వినండి.

మూడో బ్యాటరీ వేయించిన నాలుగు నెలలకే, ఒక రాత్రి గుంటూరు నుంచి విజయవాడ వస్తుండగా, మంగళగిరి దాటాక హెడ్‌లైట్లు ఆముదపు దీపాల్లా అయిపోయాయి. వెనుక సీట్లో అమ్మ. పక్కనుంచి లారీలు దూసుకుపోతున్నాయి. రోడ్డు దింపి ఆపితే సెల్ఫ్ మళ్ళీ తిరగలేదు. "మీ నాన్న ఉన్నప్పుడు ఇదెప్పుడూ ఇలా చేయలేదురా" అన్నది అమ్మ. నన్ను నిందించాలని అన్న మాట కాదు. అయినా తగలవలసిన చోటే తగిలింది. నాన్నగారు ఉన్నప్పుడూ ఇది పాత బండే కదా!

మర్నాడు ఒక మల్టీమీటరు కొన్నాను.

మాది 1970లనాటి, డైనమో ఉన్న బండి. మీటర్ల పలకలో ఒక ఎర్రదీపం ఉంటుంది. దాని ఒక కొస తాళంచెవి స్విచ్చికి, రెండో కొస డైనమోకు. రెండువైపులా వోల్టేజి సమానమైతే దీపం ఆరుతుంది. తేడా ఉంటే వెలుగుతుంది. మా బండి వేగంగా పోతున్నప్పుడు కూడా అది సన్నగా వెలుగుతూనే ఉండేది. ఎందుకని అడిగితే వచ్చిన సమాధానం మీకు తెలిసిందే. నిజానికి ఆ దీపం రెండేళ్ళుగా రోగం పేరు చెబుతూనే ఉంది: డైనమోలో విద్యుత్తు పుడుతోంది, కానీ బ్యాటరీకి చేరే దారిలో అడ్డుపడుతోంది. ఇంజను వేగం పెంచి కొలిచాను. డైనమో దగ్గర 14.2 వోల్టులు, బ్యాటరీ దగ్గర 12.8. మధ్యలో ఉన్నది కటౌట్. డైనమో తిరిగేటప్పుడు బ్యాటరీకి దారి కలిపి, ఆగినప్పుడు బ్యాటరీ వెనక్కి ఖాళీ కాకుండా దారి తెంపే చిన్న సాధనం అది. దాని పాయింట్లు మసిబారి ఉన్నాయి. బ్యాటరీ తీగె విప్పి, సన్నని గరుకు కాగితంతో వాటిని తుడిచాను. దీపం పూర్తిగా ఆరింది. ఖర్చు ఆ కాగితం ముక్క.

ఇగ్నిషన్ కథా ఇంతే. ఎండలో అరగంట నడిస్తే ఇంజను ఆగేది, చల్లారితే లేచేది. రెండు కాయిళ్ళు మార్చారు. కాయిల్‌ను అనుమానించడం తప్పు కాదు. వేడికి చచ్చి చల్లారాక బతికే కాయిళ్ళు ఉంటాయి. కానీ కొత్త కాయిల్‌తోనూ అదే జరిగితే అనుమానం పక్కకు జరగాలి కదా! డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే పాయింట్లు నల్లగా కాలి ఉన్నాయి. పాయింట్లు విడిపోయే క్షణంలో వాటి మధ్య నిప్పు లేవకుండా కాపాడేది కండెన్సర్. అది వేడికి పనిచేయడం మానేస్తోంది. కండెన్సరూ పాయింట్లూ మార్చి, సందును 0.4 మిల్లీమీటర్లకు సరిచేయగానే బాధ తీరింది.

"డైనమో పీకేసి ఆల్టర్నేటర్ వేయించు" అనే మిత్రులున్నారు. వారి మాటలో సత్యం లేకపోలేదు. ఈ డైనమో ఇచ్చేది 20 ఆంపియర్ల చుట్టుపక్కలే. బండి నిలబడి ఉన్నప్పుడు అదీ ఉండదు. నగరపు ట్రాఫిక్‌లో రాత్రివేళ అది చాలకపోవచ్చు. అయితే అవసరాన్ని లెక్కగట్టి మార్చుకోవడం వేరు, రోగం తెలియక అవయవాన్ని మార్చడం వేరు. పుచ్చిన తీగెలూ తుప్పుపట్టిన ఎర్తూ అలాగే ఉంచి ఆల్టర్నేటర్ బిగిస్తే, అవి మోయవలసిన భారం పెరుగుతుందే గాని తగ్గదు.

ఇదంతా ఆవేశంగా మా మేస్త్రీ గారికి చెప్పాను. ఆయన శాంతంగా విని, "గంటసేపు మీటరు పట్టుకుని వెతికి, కాగితంతో రుద్ది, ఐదొందలు అడిగితే ఇచ్చేవారా సార్? ఏం మార్చావని అడిగేవారు. బ్యాటరీ పెడితే మారుమాట లేకుండా ఇచ్చారు" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. మనం వస్తువుకు డబ్బిస్తాం, ఆలోచనకు ఇవ్వం. కొత్త డబ్బా కంటికి కనబడితే తప్ప పని జరిగిందని నమ్మం. అలాంటి చోట ఆలోచించే మేస్త్రీకి అన్నం పుట్టదు, డబ్బాలు మార్చే మేస్త్రీ మిగులుతాడు. "పాత బండి కదండీ" అన్న మాటను ఆయనకు నేర్పింది మనమే.

ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఉన్న బండ్లే ఇక మిగిలినవి. కాబట్టి, అలాంటి బండి ఉన్న మిత్రులారా, భాగం మార్చే ముందు కొలవమని అడగండి. విశ్రాంతిలో 12.6, ఇంజను వేగంగా నడుస్తుంటే కనీసం 13.5 వోల్టులు బ్యాటరీ దగ్గర కనబడుతున్నాయా అని చూడండి. కొలిచినందుకు డబ్బివ్వండి. ఎవరైనా "పాత బండి కదండీ" అంటే, "అవును, అందులో చెడిపోయిన భాగమేదో చూపించండి" అనండి.

అమ్మ ఇప్పుడు రాత్రిపూట మళ్ళీ ఆ బండే ఎక్కుతోంది. నాకు అంతకన్నా ఏం కావాలి?