ఏకగ్రీవం వద్దు, ఎన్నిక పెట్టండి – నేను పేరు వాపస్ తీసుకోను

పోస్టు పొడుగ్గుంటది. పూర్తిగా చదవండి, తరువాత తిట్టాలనిపిస్తే తిట్టండి.

పోయిన ఆదివారం రాత్రి హాస్టల్ల అన్నం తిని ప్లేటు కడుగుతుంటే ఒక అన్న ఫోన్ చేసిండు. పేరు చెప్పను. నన్ను సొంత చెల్లె లెక్క చూసుకునే మనిషి. నేను డిగ్రీల చేరేటప్పుడు దోస్త్ ఫారం నింపింది కూడా ఆయనే. "చెల్లె, విద్యార్థి సభ అధ్యక్ష పదవికి పేరిచ్చినవట. పెద్దలం అందరం కూసొని ఒక పేరు అనుకున్నం. ఏకగ్రీవం చేద్దాం. నువ్వు వాపస్ తీసుకో, నీకు ఉపాధ్యక్షురాలు ఇస్తం" అన్నడు.

"అన్నా, పెద్దలం అందరం అంటే ఎవరెవరు?" అని అడిగిన. ఐదు పేర్లు చెప్పిండు. ఐదుగురూ మగవాళ్లే. అందుల ముగ్గురి చదువు అయిపోయి మూడు నాలుగేండ్లయితున్నది. కొలాం బిడ్డ ఒక్కరు లేరు, తోటి బిడ్డ ఒక్కరు లేరు. ఇప్పుడు హాస్టల్ల ఉంటున్న ఆడపిల్ల ఒక్కతి లేదు. "ఆలోచించి చెప్త అన్నా" అని ఫోన్ పెట్టేసిన. మూడు రోజులు ఆలోచించిన. ఇదే నా జవాబు: వాపస్ తీసుకోను.

కొత్తగా చేరిన తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం ఒక మాట. మన విద్యార్థి సభ అంటే ఆదిలాబాద్, ఆసిఫాబాద్, మంచిర్యాల, నిర్మల్, కరీంనగర్ హాస్టళ్లల్ల ఉండే మన పిల్లలు ఫోన్ల మీద నడుపుకునే సభ. హాస్టల్‌కు ఇద్దరు సభ్యులు. నెలకోసారి రాత్రి తొమ్మిదింటికి ఆన్‌లైన్ మీటింగు. ఉట్నూర్ ఐటీడీఏకు ఏ వినతిపత్రం పోవాలి, చందా పైసలు ఎవరి ఫీజుకు ఇయ్యాలి, కలెక్టరేట్‌కు ఎవరు పోవాలి, అన్నీ అక్కడనే తీర్మానం కావాలి. కావాలి అంటున్న, అయితున్నయి అంటలేను. సభ పెట్టినప్పటి నుంచి ఒక్కసారి కూడా అధ్యక్షునికి ఓటింగు జరగలేదు. ప్రతిసారి ఏకగ్రీవమే.

ఇప్పుడు నాకు చెప్పిన మాటలు ఒక్కొక్కటి తీసుకుంట.

మొదటి మాట: "ఓట్లు బయటోళ్ల పద్ధతి. ఆదివాసీలది ఏకాభిప్రాయం. ఓట్లు పెడితే చీలిపోతం."

ఈ మాటల సగం నిజం ఉన్నది. పోయిన డిసెంబర్ల 11, 14, 17 తారీఖులల్ల మూడు విడతలుగా సర్పంచ్ ఎన్నికలు అయినయి కదా. మా గూడెంల ఇద్దరు అన్నదమ్ముల ఇండ్లు అప్పటి సంది మాట్లాడుకుంటలేవు. పెండ్లికి కూడా పిలుచుకోలేదు. నేను కండ్లార చూసిన. కాబట్టి ఎన్నికలంటే పాలల్ల చక్కెర కలిసినట్టు ఉంటదని నేను అబద్ధం చెప్పను.

కానీ మన ఏకాభిప్రాయం ఎట్ల పుట్టేదో కూడా చూసిన. నా చిన్నప్పుడు మా గూడెంల బోరింగు ఏ వాడల వెయ్యాలని పంచాది పడ్డది. పటేల్ చెట్టుకింద కూసున్నడు. రెండు రాత్రులు మాట్లాడిన్రు. మా అవ్వ తట్ట అల్లుకుంట పక్కకు కూసొని, "నీళ్లు మోసేది ఎవరు, జాగ చూపెట్టేది ఎవరు" అని ఒక్క మాట అన్నది. మొదలు అనుకున్న జాగ మారిపోయింది. ఆఖరికి అందరూ సరే అన్నరు. రాయి సెంటర్ల సార్‌మేడి ముందు కూసున్నా అంతే, రెండు దిక్కుల మాట వినకుండ తీర్పు రాదు.

తేడా ఇక్కడ ఉన్నది. మన పాత పద్ధతిల అందరూ మాట్లాడినంక ఒక్క మాట అయితది. ఇప్పటి ఏకగ్రీవంల ఒక్క మాట అయినంకనే అందరినీ పిలుస్తరు. మొదటిది ఏకాభిప్రాయం, రెండోది నోరు మూయించుడు. రెండింటికీ ఒకటే పేరు పెట్టి మన తాతల మీద నెట్టకండి.

బయట ఊర్లల్ల ఏకగ్రీవం ఏమైందో అందరికీ తెలుసు. సర్పంచ్ పదవి వేలం పాడిన్రని పేపర్ల చదివినం. ఎవరు గుడికి ఎక్కువ పైసలిస్తే వాళ్లే ఏకగ్రీవం. ఏకగ్రీవమైన పంచాయతీలకు ప్రోత్సాహక నిధులిస్తమని ప్రభుత్వాలే ప్రకటించినయి. 1996ల పెసా చట్టం వచ్చి షెడ్యూల్డ్ ఏరియాల సర్పంచ్ పదవులన్నీ ఎస్టీలకే అన్నది. మంచిదే. కానీ కుర్చీల మనోడు కూసున్నంత మాత్రాన అయిపోదు. వాణ్ని కూసోబెట్టింది ఊరా, ఊరి బయట ఉన్న కాంట్రాక్టరా అన్నదే అసలు ప్రశ్న. మన చిన్న సభకు కూడా అదే ప్రశ్న.

జైపాల్ సింగ్ ముండా పేరు మన మీటింగులల్ల మస్తు చెప్తరు. 1946 డిసెంబర్ల రాజ్యాంగ సభల నిలబడి, ఆదివాసీలకు ప్రజాస్వామ్యం నేర్పుడు కాదు, వాళ్ల దగ్గరనే నేర్చుకోవాలె అన్నడని గర్వంగా చెప్పుకుంటం. అదే ఉపన్యాసంల ఆయన ఇంకొకటి కూడా అన్నడు: ఈ సభల మగవాళ్లు ఎక్కువైన్రు, ఆడవాళ్లు ఇంకా రావాలె అని. ఆ సగం ఎవరూ చెప్పరు. ఐదుగురు అన్నలు కూసొని నిర్ణయం తీసుకునేటప్పుడు ఆ సగం గుర్తుకొస్తే బాగుండు.

రెండో మాట: "చిన్నపిల్లవు. అనుభవం లేదు. ఇంకొక రెండేండ్లు ఆగు."

నాకు ఇరవై ఏండ్లు. పోయిన డిసెంబర్ల మొదటిసారి సర్పంచ్‌కు ఓటు వేసిన. నిలబడాలంటే మాత్రం 21 నిండాలె. సరే, చట్టం అది. మరి కాలేజీల? సుప్రీంకోర్టు 2006ల లింగ్డో కమిటీ సిఫార్సులు అమలు చెయ్యమన్నది. దాని లెక్కన డిగ్రీ విద్యార్థి 17 నుంచి 22 ఏండ్ల లోపు నిలబడొచ్చు, ఖర్చు 5,000 రూపాయలు దాటొద్దు. ఆ కమిటీకి పెద్ద అయిన జె.ఎం. లింగ్డో మేఘాలయ ఖాసీ బిడ్డ, మన లెక్కనే ఆదివాసీ. కానీ మన దగ్గర 1980ల చివర్ల ఆపేసిన విద్యార్థి సంఘం ఎన్నికలు రాష్ట్ర యూనివర్సిటీలల్ల మళ్లా మొదలు కాలేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల, ఇఫ్లూల జరుగుతయి. కరీంనగర్ల శాతవాహన యూనివర్సిటీ కింద చదివే మాకు ఆ ముచ్చటే లేదు.

అంటే చూడండి. ఊర్ల నిలబడుదామంటే వయసు చాలదు. కాలేజీల నిలబడుదామంటే ఎన్నికే లేదు. ఒక ఆదివాసీ ఆడపిల్ల పది మంది ముందు నిలబడి "నాకు ఓటు వెయ్యండి, ఎందుకంటే" అని చెప్పుడు నేర్చుకునే జాగ ఒక్క ఈ సభనే. దాన్ని కూడా మూసేసి, అనుభవం లేదంటరు. నీళ్లల్ల దిగనియ్యకుండ ఈత రాదంటే ఎట్ల అన్నా?

ద్రౌపది ముర్ము గారు రాష్ట్రపతి అయిన రోజు 2022ల ఈ గ్రూపు అంతా ఆమె ఫొటోలే. ఆమె మొదలుపెట్టింది ఢిల్లీల కాదు. 1997ల ఒడిశా రాయ్‌రంగ్‌పూర్ నగర పంచాయతీల కౌన్సిలర్‌గా గెలిచి మొదలుపెట్టింది. ఎంత పెద్ద కుర్చీకైనా మెట్టు చిన్నదే. ఆమె రాజకీయం మీకు నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు. ఫొటో పెట్టుకున్నప్పుడు ఆ మొదటి మెట్టు కూడా యాదికి తెచ్చుకోండి.

మూడో మాట: "ఫోన్ల ఓట్లేంది, పిల్లల ఆట."

2025 సెప్టెంబర్ల నేపాల్ల యువత సర్కారును దింపినంక డిస్కార్డ్ అనే యాప్‌ల వేలమంది చేరి, తాత్కాలిక ప్రధానిగా ఎవరు కావాలని చర్చ పెట్టుకున్నరు, ఓట్లేసుకున్నరు. అక్కడ ముందుకొచ్చిన పేరు సుశీలా కార్కీ. ఆమె సెప్టెంబర్ 12న ప్రమాణం చేసింది. అది తప్పులేని పద్ధతి అంటలేను. ఎవరు నేపాలీ, ఎవరు కాదు, ఒక్కరే ఎన్ని ఓట్లేసిన్రు అన్నది తేల్చుడు అక్కడ కష్టం. మనకు ఆ కష్టం లేదు. మన హాస్టళ్లల్ల ఎవరు ఉన్నరో రిజిస్టర్ల ఉన్నది. హాస్టల్ వారీగా ఓటరు లిస్టు, ఒక మనిషికి ఒక నంబరు, ఒక ఓటు. ఫోన్ లేని చెల్లెకు చీటీ మీద ఓటు. లెక్కపెట్టేటప్పుడు ప్రతి అభ్యర్థి తరఫున ఒక మనిషి. ఒక్క సాయంత్రం పని.

ఇప్పుడు ఏకగ్రీవం మనకు ఏం నష్టం చేసిందో చెప్త. 2024ల వాంకిడి గిరిజన ఆశ్రమ పాఠశాల ఆడపిల్లలు అస్వస్థతతోని దవాఖాన పాలైన్రు. ఒక చెల్లె హైదరాబాద్ నిమ్స్‌ల చికిత్స పొందుకుంట నవంబర్ల కన్ను మూసింది. ఆ వారం మన సభల ఏమైందో పాత మెసేజులు తీసి చూడండి. ఒక నాయకుని పుట్టినరోజు పోస్టర్లు ఉన్నయి. అత్యవసర మీటింగు పెట్టుమని ముగ్గురు ఆడపిల్లలు అడిగిన్రు. "పెద్దలతోని మాట్లాడి చెప్తం" అని జవాబు. మీటింగు కాలేదు. ఓట్లతోని వచ్చిన అధ్యక్షుడైతే ఆ రాత్రే పెట్టేటోడు. ఎందుకంటే మళ్లా ఆ ముగ్గురి దగ్గరికే ఓటు కోసం రావాలె కాబట్టి. ఏకగ్రీవంగా వచ్చినాయనకు ఆ ఐదుగురి దగ్గరికి పోతే చాలు.

ఇంకొకటి. 2024 ఆఖర్ల ప్రభుత్వం డైట్ చార్జీలు 40 శాతం పెంచింది. ఇంటర్ నుంచి పీజీ దాక నెలకు 1,500 ఉన్నది 2,100 అయింది. పెంచినందుకు సంతోషం. కానీ ఆ పెరిగిన 600 ప్లేట్ల కనబడుతున్నదా అని ఒక్కో హాస్టల్ల లెక్క తీసే పని ఎవరిది? మన సభది. రోజూ పప్పు ఎంత, కూర ఏంది, గుడ్డు వచ్చిందా అని రాసి పెట్టి, నెల ఆఖరుకు అన్ని హాస్టళ్లవి పక్కపక్కన పెడితే చాలు, మనం చేతుల కాగితంతోని పీఓ సారు దగ్గర కూసోవచ్చు. ఈ పని చెయ్యమని రెండుసార్లు మీటింగుల అడిగిన. రెండుసార్లు నా మైకు మ్యూట్ అయింది. నెట్‌వర్క్ అన్నరు. మా గూడెంల నెట్‌వర్క్ రాదు, ఒప్పుకుంట. కరీంనగర్ల కూడా రాదా?

పెద్దలు అనుకున్న ఆ అన్న మీద నాకు కోపం లేదు. మంచోడు, మాట్లాడగలడు, ఉట్నూర్ ఆఫీసుల అందరూ ఎరుక. ఓట్లల్ల ఆయనే గెలవొచ్చు కూడా. గెలిస్తే మొదటి శుభాకాంక్షలు నావే, ఆయన పెట్టిన మీటింగుకు ముందుగాల వచ్చేది కూడా నేనే. అప్పుడు ఆయన అన్ని హాస్టళ్ల అధ్యక్షుడు అయితడు. ఇప్పుడైతే ఐదుగురి అధ్యక్షుడే. నేను ఆయనకు కూడా మేలే చేస్తున్న.

నేను గెలిస్తే చేసేవి నాలుగే. ఒకటి, చందా లెక్క ప్రతి నెల ఒకటో తారీఖున గ్రూపుల పెడుత, రూపాయితో సహా. రెండు, మెస్ లెక్క అన్ని హాస్టళ్లది. మూడు, కొలాం, తోటి, ప్రధాన్, నాయక్‌పోడ్ లాంటి తక్కువ మంది ఉన్న తెగల పిల్లలకు సభల కచ్చితంగా సీట్లు, సగం సీట్లు ఆడపిల్లలకు. నాలుగు, ఏడాది కాగానే దిగిపోత, మళ్లా ఎన్నిక. చదువు అయిపోయినవాళ్లు సలహా ఇయ్యొచ్చు, ఓటు ఉండదు. ఇది నాకు కూడా వర్తిస్తది.

ఇంద్రవెల్లి స్తూపం దగ్గరికి ప్రతి ఏప్రిల్ 20న పోతం. 1981ల అక్కడ చనిపోయినవాళ్లు ఏం చేసిన్రు? సభకు వచ్చిన్రు. అంతే. భూమి గురించి పదిమందిల మాట్లాడుకుందామని గూడేల నుంచి నడిచి వచ్చిన్రు, తూటాలు తిన్నరు. సర్కారు లెక్క 13 మంది, మన పెద్దల లెక్క అంతకంటే ఎంతో ఎక్కువ. సభ అన్న మాట మనకు అట్ల వచ్చింది. దాన్ని ఐదుగురి ఫోన్ కాల్ చెయ్యకండి.

"మావ నాటె, మావ రాజ్" అని గోడల మీద రాస్తం. ఊరు మనదే, రాజ్యం మనదే. మరి ఓటు?

అన్నా, నాకు ఓటు వెయ్యమని ఇయ్యాల అడుగుతలేను. అది ప్రచారంల అడుగుత. ఇయ్యాల అడిగేది ఒక్కటే: ఎన్నిక తారీఖు ప్రకటించండి. ఓటింగు కావాలనుకునేవాళ్లు కింద మీ హాస్టల్ ఊరు పేరు రాయండి. చెల్లెళ్లారా, ముఖ్యంగా మీరు. ఎవరన్న ఫోన్ చేసి "వాపస్ తీసుకో, మెసేజ్ డిలీట్ చెయ్" అంటే, మా అవ్వ అడిగినట్టే అడగండి. నీళ్లు మోసేది ఎవరు, జాగ చూపెట్టేది ఎవరు?

– కొలాం ఆడబిడ్డ, డిగ్రీ రెండో సంవత్సరం, కరీంనగర్ హాస్టల్

జై కొమురం భీం! జై ఆదివాసీ!