మార్క్ చెబితేనే బండి తెలిసేది
తెనాలి, వేమూరు, రేపల్లె రోడ్ల మీద దశాబ్దాలు తిరిగిన అంబాసిడర్ పైకి ఒకే కారులా కనిపిస్తుంది గానీ, అందులోనూ తరాలున్నాయి. 1957లో మొదలైన కారుకు ‘మార్క్ వన్’ అనే పేరు, 1962లో ‘మార్క్ టూ’ వచ్చాకే స్థిరపడింది. మూడోది 1975లో, నాలుగోది 1979లో వచ్చాయి. కంటికి ఆనే తేడా ఎక్కువగా ముందు గ్రిల్‌లోనే. మారుతి 800కైతే కంపెనీ కోడ్లే వాడుకపేర్లయ్యాయి: 1983 నాటిది ఎస్‌ఎస్ 80, 1986లో రూపం మారినది ఎస్‌బీ 308. జర్మన్ స్పోర్ట్స్ కారు పోర్షె 911దీ ఇదే దారి. గాలితో చల్లబడే ఇంజిన్ ఉన్న దాని చివరి తరాన్ని అభిమానులు 993 అంటారు. ఈ పొట్టి పేర్లను తేలిగ్గా చూడకూడదు. పాత బండికి సరైన గ్రిల్ కోసం వెతికేవారికి ‘అంబాసిడర్’ అన్న ఒక్క మాట చాలదు. ఏ మార్కో చెప్పగలగాలి.