ఎవరు ఎవరికి సాయం చేస్తున్నట్టు?

మొన్న మార్చి ఎనిమిదిన ఒక కాలేజీలో మహిళా దినోత్సవ సభకి నన్ను పిలిచారు. నన్ను పరిచయం చేస్తూ ఒక పెద్దాయన "ఈమె కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో చదివి డాక్టరేట్ దాకా వచ్చింది. ప్రభుత్వ సాయం పేదపిల్లల్ని ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వి నమస్కారం పెట్టాను. ఇంటికొచ్చాక ఆ నవ్వు నాకే నచ్చలేదు. సాయం అన్న మాట పంటికింద రాయిలా తగులుతూనే ఉంది.

నన్ను సాక్ష్యం అన్నారు కాబట్టి సాక్ష్యమే చెప్తాను.

మాది నడిగడ్డ. గద్వాల చుట్టుపక్కల విత్తనపత్తి చేలల్లో క్రాసింగ్ పని అంటే ఆడపిల్లల పని. సాయంత్రం మొగ్గలు గిల్లాలి, తెల్లారి పుప్పొడి అద్దాలి. చిన్నవేళ్ళయితే పువ్వు చెదరదని రైతులు చెప్పేవాళ్ళు. చిన్నపిల్లలు తక్కువ కూలికి దొరుకుతారని మాత్రం చెప్పేవాళ్ళు కాదు. అయిదో తరగతి అయిపోగానే నేను ఆ చేలోకి వెళ్ళాను.

అప్పుడు మా అమ్మ ఎక్కడుందో తెలుసా? మా ఊరి బడిలో వంట చేస్తోంది! బడుల్లో వండిన భోజనం పెట్టాలని 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశిస్తే, 2003 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ పథకం మొదలైంది. డ్వాక్రా సంఘం తరపున మా అమ్మ బడిపొయ్యి అంటించింది. ఆ రోజుల్లో ఆమెకి నెలకి ఇంత అనే లెక్కే లేదు. వంటమనిషికి నెలకి 1000 రూపాయలు, అదీ ఏడాదికి పది నెలలే ఇవ్వాలని కేంద్రం నిర్ణయించింది 2009 డిసెంబరులో. ఊళ్ళో పిల్లలందరూ బడి మానకుండా ఉండాలని మా అమ్మ అన్నం వండుతుంటే, ఆ వంటకి కూలి సరిగా రాక ఆమె కూతురు బడి మానేసింది. ఇది కథ కోసం అల్లిన విచిత్రం కాదు. మా ఇంట్లో జరిగిన సంగతి.

తర్వాత 2004లో కేంద్రం కస్తూర్బా విద్యాలయాలు ప్రకటించింది. బడి మానేసిన, బడి ముఖమే చూడని దళిత, ఆదివాసీ, బీసీ, మైనారిటీ ఆడపిల్లల కోసం, వెనకబడ్డ మండలాల్లో హాస్టలుతో కూడిన బడి. 2005లో నేను చేరాను. అద్దె ఇల్లు, నేలమీద చాపలు. అయినా అది నా బతుకుని మార్చింది. ఆ మాట ఎక్కడైనా చెప్తాను, ఎన్నిసార్లయినా చెప్తాను. కాబట్టి ఈ వ్యాసం చదివి పథకాన్ని తిడుతున్నానని ఎవరూ అనుకోవద్దు. కానీ ఒక ప్రశ్న. మా అమ్మకి ఆమె పనికి తగిన కూలి ఇచ్చి ఉంటే, నన్ను పత్తిచేలోంచి వెనక్కి తేవడానికి ఇంకో పథకం అవసరమయ్యేదా? తల్లికి ఎగ్గొట్టినదాన్ని కూతురికి సాయం అని పేరు పెట్టి ఇస్తే, మనం దానికి చప్పట్లు కొట్టాలా?

పథకం మొదలైనప్పుడు కేంద్రం వేసిన లెక్క ప్రకారం ఒక్కో అమ్మాయి నిర్వహణకి నెలకి 750 రూపాయలు. అంటే రోజుకి 25. ఆ పాతిక రూపాయల్లో నేను చదువుకున్నానని ప్రభుత్వం కాయితాల్లో రాసుకుంది. కాయితాల్లో రాయనిది ఇంకోటుంది. అది మా లెక్కల టీచరు. పగలు పాఠం, రాత్రి స్టడీ అవర్, అర్ధరాత్రి ఎవరికి జ్వరం వచ్చినా ఆమే. మాలో సగం మందికి మొదటిసారి నెలసరి వచ్చింది అక్కడే. గుడ్డ ఎలా పెట్టుకోవాలో ఆమే చెప్పింది. ఆమె కాన్పుకి వెళ్తే ఆ నెలల జీతం రాలేదు. పాపని వాళ్ళమ్మ దగ్గర వదిలి మా దగ్గరికి తిరిగొచ్చింది. ఇరవై ఏళ్ళయింది. ఆమె ఇంకా కాంట్రాక్టు టీచరే. ఆమె దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్లలు గవర్నమెంటు టీచర్లయ్యారు!

ఈ బడుల్లో టీచరు, ఏఎన్ఎం, వంటమనిషి, వాచ్‌ఉమన్ అందరూ ఆడవాళ్ళే. ఆడపిల్లల భద్రత కోసం అంటారు. మంచిదే. కానీ ఆ ఆడవాళ్ళ భద్రత సంగతేమిటి? ఆంధ్రప్రదేశ్‌లో 352, తెలంగాణలో 475కి పైగా ఉన్న ఈ విద్యాలయాల్ని ఇప్పుడు ఇంటర్ దాకా పెంచుకుంటూ వచ్చారు. బడులు శాశ్వతం, పిల్లలు శాశ్వతం, పాఠాలు చెప్పే ఆడవాళ్ళు మాత్రం తాత్కాలికం! 2024 డిసెంబరులో తెలంగాణలో సమగ్ర శిక్ష ఉద్యోగులు సమ్మెకి దిగి, జనవరి మొదటివారం దాకా రోడ్డుమీద కూచున్నారు. వాళ్ళలో కస్తూర్బా టీచర్లూ ఉన్నారు. అప్పుడు ఒక ప్రొఫెసర్ మిత్రుడు నాతో "పరీక్షల ముందు పిల్లల్ని వదిలేసి ఇదేం పని? టీచరంటే తల్లి కదా!" అన్నాడు. ఆయన యూనివర్సిటీలో సమ్మె చేసినప్పుడు ఆయన్ని తండ్రి కదా అని ఎవరూ అడగలేదు.

అదే నెలలో, డిసెంబరు 20న, సుప్రీంకోర్టు జగ్గో కేసులో తీర్పిచ్చింది. కేంద్ర జల సంఘం ఆఫీసులో ఏళ్ళ తరబడి ఊడ్చిన ఆడవాళ్ళు గెలిచిన కేసది. ఏళ్ళ కొద్దీ అవసరమైన పనిని తాత్కాలికం అని పిలిచి హక్కులు ఎగ్గొట్టడం కుదరదని కోర్టు తేల్చింది. సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకీ వర్తిస్తుందని 2016లోనే జగ్జీత్ సింగ్ కేసులో చెప్పింది. ప్రభుత్వాలకి ఈ తీర్పులు తెలియక కాదు. పర్మనెంట్ అయితే పని చెయ్యరు, కాంట్రాక్టయితేనే భయం ఉంటుంది అని వాదించే వాళ్ళున్నారు. భయపడే టీచరు ఆడపిల్లకి ధైర్యం ఎలా నేర్పుతుందో వాళ్ళే చెప్పాలి.

మా అమ్మ సంగతికి మళ్ళీ వస్తాను. మధ్యాహ్న భోజనానికి 2021లో పీఎం పోషణ్ అని కొత్త పేరు పెట్టారు. అన్నం వండే వాళ్ళకి కేంద్రం 2009లో రాసిన 1000 మాత్రం కొత్తది కాలేదు. రాష్ట్రాలు తమ వాటా కలిపితే 3000 అయింది. 2025-26లో మన రెండు రాష్ట్రాల్లో ఉపాధి హామీ రోజుకూలి 307 రూపాయలు. కేంద్రం లెక్కలో నెల్లాళ్ళ వంట విలువ నాలుగు రోజుల మట్టిపనికి సరిపోదు. దాన్ని జీతం అనడానికి వాళ్ళకే మొహం చెల్లక గౌరవ వేతనం అన్నారు. కూరగాయలు, పప్పు, నూనె ముందు వంటామె కొనాలి, బిల్లు తర్వాతెప్పుడో వస్తుంది. మా అమ్మ కమ్మలు రెండుసార్లు కుదువకి వెళ్ళాయి. ఎందుకమ్మా ఈ పని, మానెయ్యి అని నేను కోప్పడితే ఆమె అన్న మాట ఇది: "బిల్లు ఎప్పుడొస్తదో సారుకే తెలవదు. పన్నెండున్నరకు పిల్లలకు ఆకలైతదని మాత్రం నాకు తెలుసు."

అందుకే అడుగుతున్నాను, ఎవరు ఎవరికి సాయం చేస్తున్నట్టు? కమ్మలు కుదువపెట్టి ప్రభుత్వ పథకానికి పెట్టుబడి పెట్టింది మా అమ్మ. పసిపాపని వదిలి ప్రభుత్వ బడిని నిలబెట్టింది మా టీచరు. పేదపిల్లల చదువుకి అతిపెద్ద దాతలు పేద ఆడవాళ్ళే.

చివరగా మన సంగతి. ఇంటి వంటింట్లో స్త్రీ చాకిరీ గురించి మనం చాలా రాశాం. విమల 'వంటిల్లు' కవితని నేను పాఠం చెప్పినప్పుడల్లా అమ్మాయిల కళ్ళు మెరుస్తాయి. కానీ బడి వెనక రేకుల షెడ్డులో పొగలో ఉన్న వంటింటిని మన సాహిత్యం ఎంత పట్టించుకుంది? చదువుకుని పైకొచ్చిన నాలాంటి అమ్మాయి కథ మనకి కావాలి. ఆమెని పైకెత్తిన చేతుల నెలజీతం ఎంతో అడగం. నా పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం నిండా స్త్రీల చదువు గురించే రాశాను. అందులో వంటమనిషి ఒక్క పేజీలో కూడా లేదు. ఈ తప్పు ముందు నాది.

కస్తూర్బా టీచర్లవి శాశ్వత పోస్టులు కావాలి. బడిలో వండే ఆమెని కార్మికురాలిగా గుర్తించి, పన్నెండు నెలలూ కనీస వేతనం ఇవ్వాలి. సరుకుల డబ్బు ముందుగా చేతికివ్వాలి. ఇవి దయతో ఇవ్వాల్సినవి కావు, బాకీలు.

ఈసారి ఎవరైనా నన్ను సభకి పిలిచి ప్రభుత్వ సాయానికి సాక్ష్యం అంటే నవ్వి ఊరుకోను. ఆ బాకీ లెక్క మైకులో చదువుతాను. చప్పట్ల సంగతి ఆ తర్వాత చూసుకుందాం.