గుడి గుమ్మం, దివాణం గుమ్మం
— దివిసీమవాసి

చల్లపల్లి మీదుగా రోజూ ఎన్నో బస్సులు పోతుంటాయి. బందరు పోయేవి, అవనిగడ్డ పోయేవి, పామర్రు మీదుగా గుడివాడ పోయేవి. వాటిల్లో కూర్చున్న వాళ్లలో ఎందరికి తెలుసో గాని, జమీందారీ పెత్తనాన్ని నిలదీస్తూ 1939లో వచ్చిన తెలుగు సినిమా 'రైతుబిడ్డ' వెనకున్న డబ్బు ఈ ఊరి జమీందారుది. దేవరకోట ఎస్టేటు అని కాగితాల్లో రాసుకునే చల్లపల్లి ఎస్టేటుకు రాజా అయిన యార్లగడ్డ శివరామప్రసాద్ సారథి ఫిలిమ్స్‌కు పెట్టుబడిదారు. సినిమా తీసినాయన గుడివాడ ప్రాంతంలోని నందమూరులో పుట్టిన గూడవల్లి రామబ్రహ్మం. ఇద్దరూ ఈ డెల్టా మనుషులే. ఒకరు శిస్తులు వసూలు చేసే ఇంటివారు, ఇంకొకరు ఆ శిస్తు కట్టలేక కుంగిపోయే రైతు కథ చెప్పాలనుకున్నవారు. ఈ పొత్తు ఎలా కుదిరింది, ఏమేం ఇచ్చింది, ఏమేం ఇవ్వలేకపోయింది అన్నది మన సినిమా చరిత్రలో ఇంకా సరిగ్గా మాట్లాడుకోని విషయం.

రామబ్రహ్మం 1902లో పుట్టి 1946 అక్టోబరు 1న పోయారు. నలభై నాలుగేళ్లు. సినిమాల్లోకి రాకముందు ఆయన పత్రికల మనిషి. 'సమదర్శిని'లో పనిచేశారు, మద్రాసు నుంచి 'ప్రజామిత్ర' నడిపారు. ఈ సంగతి పక్కన పెడితే ఆయన సినిమాలు అర్థం కావు. సంపాదకుడు తాను రాసే దానికన్నా ఎవరి చేత ఏం రాయించాలన్న దానిమీద ఎక్కువ మనసు పెడతాడు. సినిమాలోనూ ఆయన చేసింది అదే. చలాన్ని పిలిచారు, తాపీ ధర్మారావును పిలిచారు, త్రిపురనేని గోపీచంద్‌ను పిలిచారు, కొసరాజు రాఘవయ్య చౌదరి చేత పాటలు రాయించారు. అంతకు కొన్నేళ్ల ముందే కన్నుమూసిన బసవరాజు అప్పారావు పాటల్ని కూడా తెరమీదికి తెచ్చారు. పద్యాలు, రాగాలాపనలే సినిమా అనుకునే రోజుల్లో, పుస్తకాలు చదివే తెలుగువాళ్లు తలెత్తి చూసే సినిమా ఒకటి వచ్చిందంటే ఆ పిలుపుల వల్లే.

'మాలపిల్ల' 1938 సెప్టెంబరులో విడుదలైంది. 1933 చివర్లో గాంధీ హరిజన యాత్రలో ఆంధ్ర జిల్లాలు తిరిగి వెళ్లారు. 1936 నవంబరులో తిరువాన్కూరు సంస్థానం అన్ని కులాలవారికీ గుళ్ల తలుపులు తీసింది. మద్రాసు రాష్ట్రంలో మాత్రం ఇంకా అలాంటి చట్టం లేదు. ఆ మధ్యకాలంలో, వాదన వేడిగా ఉన్నప్పుడే, రామబ్రహ్మం గుడి గుమ్మం ముందు కెమెరా పెట్టారు. లోపల ధర్మకర్త సుందరరామశాస్త్రి, బయట వాడవాళ్లు. శాస్త్రి కొడుకు నాగరాజు ఆ వాడలోని అమ్మాయిని ప్రేమిస్తాడు. శాస్త్రి వేషం గోవిందరాజుల సుబ్బారావుది, నాగరాజు గాలి వెంకటేశ్వరరావు, ఆ అమ్మాయి కాంచనమాల. సంగీతం భీమవరపు నరసింహారావు. మాటలు చలం, తాపీ ధర్మారావులవి. జనం ఇళ్లల్లో మాట్లాడుకునే తెలుగు తెరమీద వినపడటమే ఆనాటికి ఒక విశేషం.

ఈ సినిమాలో ఎక్కువమంది చెప్పుకునేది ప్రేమకథ. ఈ శీర్షికకు మాత్రం ముఖ్యమనిపించేది గుడి ముందు జరిగే తగువు. దేవుడు ఎవరివాడన్న వాదన శాస్త్రాల్లోంచి వచ్చి, ఊరి పొలాల్లో కూలి పని ఆగిపోయేదాకా పోతుంది. లోపలికి రానివ్వని చేతులే తమ పొలాలు దున్నిపెట్టాలని కోరుకునే పెద్దల ఇరకాటాన్ని రామబ్రహ్మం నేరుగా చూపించారు. కులమంటే అంటుముట్టు మాత్రమే కాదు, కూలిపనితో ముడిపడిన వ్యవహారమని 1938లో తెరమీద చెప్పడం చిన్న సంగతి కాదు.

మరుసటి ఏడాది గుమ్మం మారింది. గుడి నుంచి దివాణానికి. అప్పటికి టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన మద్రాసు ప్రభుత్వం వేసిన కమిటీ జమీందారీ రైతుల గోడు విని నివేదిక ఇచ్చింది. ఎన్.జి. రంగా నాయకత్వంలో రైతులు ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా నడిచారు. 'రైతుబిడ్డ'లో నర్సిరెడ్డి అనే రైతు అప్పులో చిక్కుకుంటాడు. ఎన్నికలొస్తే జమీందారు నిలబెట్టిన మనిషికే ఓటెయ్యాలన్నది దివాణం మాట. నర్సిరెడ్డి రైతుల పక్షాన నిలబడతాడు. అక్కడినుంచి మొదలవుతాయి పాట్లు. ఆ వేషం కట్టినాయన బళ్లారి రాఘవ, వకీలు, నాటకరంగంలో ఆంధ్రదేశమంతా పేరున్న నటుడు. ఆయన సినిమాలు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. కుర్ర వయసులో ఉన్న టంగుటూరి సూర్యకుమారి కూడా ఇందులో ఉన్నారు. చల్లపల్లికి దగ్గర్లోనే ఉండే కూచిపూడి నుంచి వెళ్లిన వేదాంతం రాఘవయ్య దశావతార నృత్యం కూడా ఈ సినిమాలోనే ఉంది. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు. తర్వాత 'దేవదాసు' తీసినాయన ఈయనే. గోపీచంద్‌ది అంగలూరు. తెరమీద, తెర వెనక కృష్ణా జిల్లా పొలాల గాలి ఉంది.

జమీందార్లు ఊరుకోలేదు. బొబ్బిలి, వెంకటగిరి రాజాలు మండిపడ్డారు, నోటీసులు వెళ్లాయి, కొన్నిచోట్ల నిషేధం పడింది. సాటి జమీందారు డబ్బుతో తమ మీదికే సినిమా రావడం వాళ్లకు రెండింతల అవమానం. బొబ్బిలి రాజా జస్టిస్ పార్టీ అధినేత, మద్రాసు రాష్ట్రానికి ప్రధానిగా పనిచేసినవారు. 1937 ఎన్నికల్లో సొంత గడ్డమీద వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. ఆ గాయం పచ్చిగా ఉండగానే, దివాణం మాట కాదని ఓటేసే రైతు బొమ్మ ఊరూరా ఆడుతుంటే ఎలా సహిస్తారు?

సరిగ్గా అదే 1939లో, సముద్రాల అవతల పారిస్‌లో ఇంకో దర్శకుడికి ఇలాంటిదే జరిగింది. ఆయన జాఁ రెన్వార్, చిత్రకారుడు ఒగూస్త్ రెన్వార్ కొడుకు. 1938లో, అంటే 'మాలపిల్ల' వచ్చిన ఏడాదే, ఫ్రెంచి విప్లవం మీద 'లా మార్సెయేజ్' తీశారు. దానికోసం మామూలు జనం దగ్గర రెండేసి ఫ్రాంకులు ముందుగానే చందా తీసుకున్నారు. చందా కట్టినవాళ్లకు సినిమా వచ్చాక ఆ రెండు ఫ్రాంకులు టిక్కెట్టులో తగ్గించాలన్నది ఒప్పందం. 1939 జులైలో 'ల రెగ్ల్ దు జ్య' వచ్చింది. 'ఆట కట్టుబాట్లు' అనుకోవచ్చు మనం. ఒక ప్రభువుగారి పల్లె బంగళాలో అతిథుల వేట, విందు, నాటకాలు, నౌకర్ల ప్రేమలు, తగాదాలు, చివరికి పొరపాటున ఒక హత్య. పెద్దింటి ప్రేక్షకులు హాల్లో గోలచేశారు. రెన్వార్ సినిమాను కోశారు, మళ్లీ కోశారు. యుద్ధం మొదలయ్యాక అక్టోబరులో ప్రభుత్వం నిషేధించింది. అసలు నెగెటివ్ బాంబుదాడిలో పోయింది. దొరికిన ముక్కలన్నీ కూర్చి మళ్లీ పూర్తి సినిమాగా చూపించడానికి 1959 దాకా ఆగాల్సివచ్చింది.

రెన్వార్ సినిమాలన్నింటా తిరిగి తిరిగి వచ్చే సంగతి ఒకటుంది. మనుషుల్ని విడదీసే గోడలు దేశాల సరిహద్దుల్లో కన్నా అంతస్తుల మధ్య ఎక్కువ ఎత్తుగా ఉంటాయని. 1937 నాటి 'లా గ్రాంద్ ఇల్యూజ్యోఁ'లో ఫ్రెంచి ప్రభువు, జర్మను ప్రభువు ఒకరినొకరు ఇట్టే అర్థం చేసుకుంటారు. తన పక్కన ఖైదులో ఉన్న మెకానిక్‌తో మాత్రం ఆ ఫ్రెంచి ప్రభువుకు దూరం తగ్గదు. 1951లో ఆయన 'ద రివర్' సినిమా వచ్చింది. దానికోసం బెంగాల్‌కు వచ్చి హుగ్లీ ఒడ్డున తీశారు. అప్పుడు లొకేషన్లు వెతకడంలో తోడు తిరిగిన యువకుడు సత్యజిత్ రాయ్. భారత సినిమాకు రెన్వార్ ఇచ్చినదంటే అందరూ ఆ పరిచయాన్నే చెబుతారు. కాని 1938, 39ల్లో కృష్ణా ఒడ్డు మనిషి ఒకడు, ఆయనను చూసి కాకుండా, ఆయన తవ్వుతున్న చెలమనే మద్రాసులో తవ్వుతున్నాడన్నది ఎవరూ చెప్పడం లేదు.

పోలిక ఇక్కడితో ఆపితే రామబ్రహ్మానికి మర్యాద చేసినట్టే గాని న్యాయం చేసినట్టు కాదు. ఇద్దరికీ పెద్ద తేడా ముగింపుల దగ్గర ఉంది. రెన్వార్ బంగళాలో ఎవరూ మారరు. శవం పడ్డాక ప్రభువు అతిథులకు ప్రమాదమని చెప్పి లోపలికి దయచేయమంటాడు. రామబ్రహ్మం సినిమాల్లో పెద్దమనిషి మారతాడు. ఇల్లు తగలబడ్డప్పుడు వాడ మనిషి తన భార్యను కాపాడితే సుందరరామశాస్త్రి మనసు కరుగుతుంది, గుడి తలుపు తెరుచుకుంటుంది. 'రైతుబిడ్డ'లో జమీందారుకూ చివరికి జ్ఞానోదయం అవుతుంది. రెండుచోట్లా తాళంచెవి మొదటినుంచీ ఎవరి మొలలో ఉందో చివరికీ వాళ్ల మొలలోనే ఉంది. వాళ్లు తీశారు కాబట్టి తలుపు తెరుచుకుంది. బయట నిలబడినవాళ్లు ప్రాణాలకు తెగించి మంచితనం రుజువు చేసుకోవాల్సి వచ్చింది. మంటల్లో దూకకుండానే గుళ్లోకి పోయే హక్కు వాళ్లకు ఉండాలి కదా అని ఈనాటి ప్రేక్షకుడు అడిగితే ఆ ప్రశ్న పూర్తిగా న్యాయమైనదే.

గాంధీ ప్రభావం ఒక కారణం. హృదయ పరివర్తన అప్పటి మాట. పెట్టుబడి ఇంకో కారణం కాదని ఎలా అనగలం? రెండేసి ఫ్రాంకుల చందాతో తీసిన సినిమాలో రాజును దించేయొచ్చు. రాజాగారి డబ్బుతో తీసిన సినిమాలో జమీందారు మారాలి తప్ప దిగకూడదు. ఆ హద్దులోపలే నిలబడి తీసిన సినిమాకు కూడా సాటి జమీందార్లు అంతగా ఉలిక్కిపడ్డారంటే, రామబ్రహ్మం ఎంత అంచుదాకా వెళ్లారో తెలుస్తుంది. చల్లపల్లి రాజా వెనక్కి తగ్గకుండా ఆ సినిమాను బయటికి రానిచ్చారన్నదీ మరువకూడదు.

ఆ తర్వాత 'ఇల్లాలు' (1940), 'అపవాదు' (1941), 'పత్ని' (1942), 'పంతులమ్మ' (1943), 'మాయలోకం' (1945). యుద్ధకాలం, ఫిలింకు కరువు. 'ఇల్లాలు' ఈరోజు సాలూరి రాజేశ్వరరావు బాణీల వల్ల గుర్తుంది. 'పత్ని' కన్నగి కథ. భర్తను అన్యాయంగా చంపించిన రాజు కొలువు ముందుకు కాలి అందె చేతబట్టుకుని వచ్చి నిలబడిన ఆడమనిషి. మళ్లీ గుమ్మమే! ఈసారి మాత్రం లోపలివాడి మనసు కరగడం కోసం ఆమె ఎదురు చూడదు. రామబ్రహ్మం ఈ కథను ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. 'మాయలోకం' కాంభోజరాజు కథ, ఒకప్పుడు పల్లెల్లో ఇష్టంగా చెప్పుకున్న కథ. అందులో అక్కినేని నాగేశ్వరరావు ఉన్నారు. ఆయనదీ గుడివాడ ప్రాంతమే.

చివరిది 'పల్నాటి యుద్ధం'. కన్నాంబ నాగమ్మ, గోవిందరాజుల సుబ్బారావు బ్రహ్మనాయుడు, అక్కినేని బాలచంద్రుడు. బ్రహ్మనాయుడంటే పల్నాట మొదట చెప్పేది చాపకూడు, అన్ని కులాలనూ ఒక్క చాపమీద కూర్చోబెట్టి పెట్టిన భోజనం. గుడి గుమ్మం దగ్గర మొదలైన మనిషి పంక్తి భోజనం దాకా వచ్చారు. అది పూర్తికాకుండానే కన్నుమూశారు. ఎల్.వి. ప్రసాద్ మిగతాది పూర్తిచేస్తే 1947లో విడుదలైంది.

1948లో మద్రాసు శాసనసభ ఎస్టేట్ల రద్దు చట్టం చేసింది. సినిమాలో జమీందారు మనసు మారితే సరిపోయింది గాని, బయట చట్టం కావలసి వచ్చింది. చట్టం వచ్చాక కూడా దివిసీమలో భూమి తగువు తీరలేదు. పక్కనే మంగళాపురంలో పుట్టిన చండ్ర రాజేశ్వరరావు నడిపిన కమ్యూనిస్టు పార్టీ, గుంటూరు బాపనయ్య వంటి నాయకులు చల్లపల్లి ఎస్టేటు భూముల కోసం పేదల్ని కూడగట్టారు. 'రైతుబిడ్డ'కు డబ్బిచ్చిన ఇంటి ముందుకే రైతుకూలీలు వచ్చి నిలబడ్డారు. తాళంచెవి ఈసారి అడిగి తీసుకోవాలనుకున్నారు. సారథి సంస్థ మాత్రం రైతును వదల్లేదు. 1955లో 'రోజులు మారాయి' తీసింది. దర్శకుడు తాపీ చాణక్య, తాపీ ధర్మారావు కొడుకు. అందులోని ఏరువాక పాట రాసింది కొసరాజే. ఆ తర్వాత హైదరాబాదులో సారథి స్టూడియో వెలిసింది.

రామబ్రహ్మం పేరు సినిమా పుస్తకాల్లో ఉంది, ఆయన తిరిగిన ఊళ్లల్లో కనపడదు. చల్లపల్లిలో ఒక వారాంతం రెండు సాయంత్రాలు పెట్టుకుంటే ఏం పోతుంది? మొదటిరోజు 'రైతుబిడ్డ', రెండోరోజు రెన్వార్ 1939 సినిమా. కూచిపూడి పిల్లలు ముందుగా దశావతార శబ్దం ఆడొచ్చు. శిస్తులు, కౌళ్లు కట్టిన కుటుంబాల పెద్దలు, ఎస్టేటు భూముల పోరాటంలో పాల్గొన్నవాళ్లు, వాళ్ల పిల్లలు ఆ జమీందారు మారడం చూసి ఏమంటారో వినాలి. ఫ్రెంచి సినిమాకు తెలుగు మాటలు కింద వేయించాలి. ఆ పనికి బందరు కాలేజీల్లోని ఇద్దరు ముగ్గురు తెలుగు, ఇంగ్లీషు పంతుళ్లు ఒక నెల కూర్చుంటే చాలు.