ఆరో రోజున ఎక్కడికి?

దెబ్బలు తిన్న ఇల్లాలు అర్ధరాత్రి పిల్లాణ్ని చంకనేసుకుని కట్టుబట్టలతో గడప దాటుతుంది. పుట్టింటివాళ్లు ‘సర్దుకుపోవాలమ్మా’ అన్నాక ఇక మిగిలేది 181కి ఫోను, ఆపైన సఖి కేంద్రం. వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా ఒకేచోట అందాలని 2015లో మొదలుపెట్టిన ఈ కేంద్రాల్లో ఉండనిచ్చేది అయిదు రోజులు. కమిలిన ఒళ్లు మామూలు కావడానికే అవి చాలవు. ఆమె అర్జీని తొలి విచారణ నాటి నుంచి 60 రోజుల్లో తేల్చడానికి మేజిస్ట్రేటు ప్రయత్నించాలని గృహహింస చట్టం చెబుతోంది. అయిదుకీ అరవైకీ మధ్య ఆమె ఎక్కడ తలదాచుకోవాలి?

శక్తి సదన్‌లో అంటారు అధికారులు. నిన్నటి స్వధార్ గృహాలకు 2022లో వచ్చిన కొత్త పేరు అది. పేర్లు మార్చడంలో మన సర్కార్లకున్న చురుకుదనం గదులు కట్టడంలో కనిపించదు.

చట్టాన్ని తప్పుపట్టలేం. అడిగిన మహిళకు ఆశ్రయం ఇచ్చి తీరాలని 2005 గృహహింస చట్టం ఆరో సెక్షన్ చెబుతోంది. ముందుగా గృహహింస నివేదిక నమోదు కాలేదన్న సాకుతో తలుపు మూయరాదనీ, ఆమె కోరితే ఆమె ఎవరో బయటపెట్టరాదనీ 2006 నిబంధనలు ఆదేశిస్తున్నాయి. కౌన్సెలింగ్‌లో భర్త తన హింసను సమర్థించుకోవడానికి వీల్లేదన్నది కూడా ఆ నిబంధనల్లోని మాటే. మరి మన కౌన్సెలింగ్ గదుల్లో వినిపించే తొలి ప్రశ్న? ‘ఎందుకు కొట్టాడమ్మా?’ అతగాడు చెప్పుకోకూడని సమర్థనను ఆమె నోటితోనే చెప్పిస్తున్నారు. ఆమె తలవంచుకుని వెనక్కి వెళ్తే ఖాతాలో ఒక ‘రాజీ’ జమ.

ఆమెకు కావలసినవి చిన్నవే. ఆధార్, పదో తరగతి మెమో, పాసుపుస్తకం, పిల్లల టీసీ అన్నీ ఆ ఇంటి బీరువాలోనే ఉండిపోయాయి. వెంట వెళ్లి వాటిని తెచ్చిపెట్టే మనిషి కావాలి. అది వదిలేసి మనవాళ్లు కుట్టుమిషను నేర్పిస్తారు!

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం, పెళ్లయిన మహిళల్లో భర్త హింసకు గురైనవారు తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. గృహహింస చట్టం ప్రకారం ఇంతమందికి దిక్కయిన రక్షణాధికారి బాధ్యత మన దగ్గర అంగన్‌వాడీల ఆలనాపాలనా చూసే అధికారి నెత్తినే పడింది. చట్టం వచ్చిన ఇరవయ్యేళ్లకు, 2025 మేలో, జిల్లా, తాలూకా స్థాయుల్లో రక్షణాధికారులను నియమించండని సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది.

ఎన్ని కాపురాలు నిలబెట్టారని కలెక్టర్లు సమీక్షల్లో అడగడం మానాలి. ఆరో రోజున ఎవరు ఎక్కడికి వెళ్లారో అడగాలి. అది రాసే గడి సఖి రిజిస్టరులో లేకపోతే, ముందు ఆ గడి గీయించాలి.