మస్కట్ ముచ్చట్లు: ఆ కుర్రాడి పేరు

పోయినసారి నిజ్వా శుక్రవారం సంతలో మేకల వేలం గురించి రాస్తే, ఫొటోలేవి అని నలుగురైదుగురు అడిగారు. ఆ గోలలో మేకలకన్నా నేనే ఎక్కువ బెదిరిపోయాను, ఇంక ఫొటోలెక్కడ తీస్తాను! ఈసారి రాసేదానికి అసలు ఫొటోయే ఉండదు. పదిహేనేళ్ళుగా రాయాలనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చిన సంగతి.

మా పై ఫ్లాట్ వాళ్ళ అమ్మాయి ఈద్ సెలవలకి వచ్చింది. ఇక్కడ ఇండియన్ స్కూల్లో చదువుకుని, డిగ్రీకి హైదరాబాదు వెళ్ళి, సైకాలజీలో ఎమ్మే చేసి, ఆ పైన రెండేళ్ళు క్లినికల్ సైకాలజీలో ఎంఫిల్ పూర్తి చేసింది. చిన్నప్పుడు నా దగ్గర లెక్కలు చెప్పించుకోవడానికి పుస్తకాల సంచీతో కిందికి దిగొచ్చేది. ఇప్పుడేమో వంటింటి గట్టెక్కి కూర్చుని, నేను పెసరట్లు పోస్తుంటే ఒక్కొక్కటే తింటూ కబుర్లు చెబుతుంది. వాళ్ళమ్మకి మాత్రం ఈ చదువు సంగతి ఇంకా మింగుడు పడలేదు. "ఎమ్మే అయ్యాక మళ్ళీ రెండేళ్ళెందుకు వదినా? ఎమ్మే చేస్తే సైకాలజిస్టు అయిపోయినట్టు కాదా?" అని నన్నే అడిగింది. నేనూ ఎమ్మే సైకాలజీయే కనక నాకు తెలుస్తుందని.

కాదు. ఆ మాట చెప్పడానికి నాకన్నా తగిన మనిషి ఈ బిల్డింగులో లేదు.

మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు పెట్టుకోవాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉన్న చదువు చదివి, వాళ్ళ రిజిస్టరులో పేరెక్కించుకోవాలి. ఆ కౌన్సిల్‌కి చట్టం 1992లో వచ్చింది. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం క్లినికల్ సైకాలజిస్టు అంటే ఎవరో చెబుతూ, రెండేళ్ళ పూర్తికాలపు కోర్సు, అందులో పైవాళ్ళ పర్యవేక్షణలో రోగులతో చేసిన శిక్షణ ఉండాలని స్పష్టంగా రాసింది. బెంగళూరులో ఇప్పటి నిమ్హాన్స్ ఇంకా ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్‌గా ఉన్న రోజుల్లో, 1955లో, ఇలాంటి కోర్సు మొదలుపెట్టారు. అంటే ఇది కొత్తగా పుట్టించిన నిబంధనేమీ కాదు. ఈ మధ్య యూజీసీ ఎంఫిల్‌నే ఎత్తేసింది కదా, ఈ చదువుకి 2025-26 దాకా గడువిచ్చారు. ఆ గడువెప్పుడు తీరుతుందో, తర్వాత తన పట్టాని ఏమని పిలుస్తారో అని ఈ అమ్మాయి పడిన బెంగ నాకు తెలుసు. నడుస్తున్న రైల్లో బోగీ పేరు మారుస్తున్నారని ఓసారి ఫోన్లో వాపోయింది.

చట్టాల సంగతి అలా ఉంచి, ఆ రెండేళ్ళూ ఏం చేయించారే అని అడిగాను. పెద్ద పెద్ద సిద్ధాంతాలు చెబుతుందనుకున్నాను. "మొదట్లో నోరు మూసుకోవడం నేర్పించారాంటీ" అంది.

వార్డులో ఒక మనిషి దగ్గర కూర్చోవాలి. వాళ్ళ కథ రాసుకోవాలి. ఎప్పుడు మొదలైంది, ఇంట్లో ఎవరెవరున్నారు, నిద్ర ఎలా ఉంది, ఎవరు తీసుకొచ్చారు, తీసుకొచ్చినవాళ్ళు ఏమంటున్నారు, తను ఏమంటున్నాడు. తర్వాత తను అన్న ప్రతి మాటా, అవతలివాళ్ళన్న ప్రతి మాటా, మధ్యలో మాటల్లేని చోట ఎంతసేపు ఊరుకున్నారో అదీ, గుర్తున్నంతవరకు కాగితం మీద పెట్టి మేడమ్‌కి చూపించాలి. ఆవిడ ఎర్ర సిరాతో దిద్దేదిట. మొదటి కాగితం నిండా ఒకే ప్రశ్న ఉందిట, "ఇక్కడ ఎందుకు తొందరపడ్డావు?" అని. ఏడ్చే మనిషికి వెంటనే టిష్యూ కాగితం అందించిన చోట కూడా అదే ప్రశ్న. ఆ ఏడుపు అవతలివాళ్ళు భరించలేక ఇచ్చావా, నువ్వు భరించలేక ఇచ్చావా అని.

ఇలా సంభాషణంతా రాసి పరీక్షించుకోవడం అమెరికాలో కార్ల్ రోజర్స్ అలవాటు చేసిన పద్ధతి. ఆయన గదిలో జరిగిన మాటల్ని గ్రామఫోను పళ్ళేల మీద రికార్డు చేయించి, 1942లో వేసిన పుస్తకంలో ఒక మనిషి కథని, హెర్బర్ట్ బ్రయాన్ అని మారుపేరు పెట్టి, మాట పొల్లుపోకుండా అచ్చు వేశాడు. అంతకు ముందు డాక్టరు తనకి గుర్తున్నది చెబితే అదే రికార్డు. గుర్తున్నదంటే ఏముంది, మనల్ని మనం మంచిగా చూపించుకునేదే గుర్తుంటుంది. రోజర్స్ పేరు నేనూ చదివాను. పరీక్షలో పదిహేను మార్కుల ప్రశ్న.

ఇక నా సంగతి. 1994లో ఎమ్మే అయింది. ఎమ్మే మనసు గురించి చెప్పే చదువే గాని, మనిషి ముందు కూర్చోవడం నేర్పే చదువు కాదు. నేర్పుతానని అది ఎప్పుడూ అనలేదు, నేనే అనుకున్నాను. పెళ్ళయి 1998లో మస్కట్ వచ్చాక రూవీలో మన తెలుగువాళ్ళలో 'సైకాలజీ మేడమ్' అని పేరు పడింది. పిల్లాడు చదవడంలేదని ఒకరు, అత్తగారు సాధిస్తోందని ఒకరు వచ్చేవారు. తోచింది చెప్పేదాన్ని. టీ ఇచ్చి పంపేదాన్ని. చాలామందికి ఆ టీయే పనిచేసి ఉంటుంది.

2010 ఎండాకాలం. శుక్రవారాల్లో రూవీ చర్చి ఆవరణలో ఒక్కో భాషవాళ్ళ ప్రార్థన ఒక్కో గదిలో జరుగుతుంది. అక్కడికొచ్చే కోనసీమ ఆడవాళ్ళు కొందరు నాకు తెలుసు, ఇళ్ళల్లో పనికి వచ్చినవాళ్ళు. వాళ్ళలో ఒకావిడ తోటి మనిషిని వెంటబెట్టుకుని మా ఇంటికి తీసుకొచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. వచ్చి నాలుగు నెలలు. అమలాపురం అవతల ఏదో ఊరు. ఒక్కడే కొడుకు, కాలవలో మునిగి పోయాడని నెల కిందట కబురొచ్చింది. టికెట్టుకి డబ్బుల్లేవు, పాస్‌పోర్టు పనిచేసే ఇంటివాళ్ళ దగ్గర, పంపలేదు. రెండ్రోజుల్లో అక్కడ అన్నీ అయిపోయాయి. ఆవిడ మట్టుకు రాత్రిళ్ళు నిద్రపోకుండా ఫోను పక్కన పెట్టుకుని కూర్చుంటోంది. చేతిలో రుపాయో రియాలో ఆడితే హయాక్ కార్డు కొని ఊరికి ఫోను చేసి, "ఆడొచ్చాడా?" అని అడుగుతోంది.

"మునిగిపోయాడంటన్నారండి. ఆడికి ఈతొచ్చండి అమ్మగారూ. పుట్టినకాణ్ణించీ కాలవలోనే గదండి పెరిగింది. ఎక్కడికో ఎల్లుంటాడండి. ఫోన్ చేత్తాడండి."

నేనేం చేశానో చెబుతాను. ఎలిజబెత్ క్యూబ్లర్ రాస్ పుస్తకం నాకు కంఠతా వచ్చు. ఒప్పుకోకపోవడం, కోపం, బేరమాడటం, దిగులు, చివరికి ఒప్పుకోవడం. ఈవిడ మొదటి మెట్టు దగ్గర ఆగిపోయింది, పై మెట్టుకి ఎక్కించాలి అనుకున్నాను. ఎదురుగా కూర్చుని, చెయ్యి పట్టుకుని, చాలా మెత్తగానే, "చూడమ్మా, వాడు ఇంక రాడు, నువ్వా మాట ఒప్పుకోవాలి, ఒకసారి గట్టిగా ఏడిచెయ్యి" అన్నాను. ఆవిడ నా చేతిలోంచి చెయ్యి తీసుకుంది. ఏడవలేదు. టీ ముట్టలేదు. "ఎల్లొత్తానండి" అని లేచింది.

మళ్ళీ రాలేదు. తీసుకొచ్చినావిడని తర్వాత అడిగితే, "మీ ఇంటికి రానంటందండి. ఆవిడ మా వోడు చచ్చిపోయాడంటది అంటందండి" అంది. ఆ తర్వాత ఆమె చర్చికి రావడం కూడా మానేసిందని విన్నాను. ఏమైందో తెలియదు.

క్యూబ్లర్ రాస్ 1969లో రాసిన ఆ పుస్తకం చావు దగ్గరపడిన రోగులతో మాట్లాడి రాసినదనీ, ఆ మెట్లు ముందుగా చెప్పింది పోయేవాళ్ళ గురించే గాని మిగిలినవాళ్ళ గురించి కాదనీ నాకు చాలా ఏళ్ళకి తట్టింది. కంఠతా పట్టినదాన్ని కూడా సరిగ్గా పట్టలేదన్నమాట.

ఇంకోటి కూడా ఆలస్యంగానే తెలిసింది. ఇక్కడి సుల్తాన్ ఖాబూస్ విశ్వవిద్యాలయంలో సమీర్ అల్ అదావీ అని పేరున్న ప్రొఫెసర్. ఆయన ఇద్దరు సహచరులతో కలిసి 1997లో సామాజిక మనోవైద్య పత్రిక ఒకదానిలో ఒమానీల దుఃఖం గురించి ఒక వ్యాసం రాశారు. ముగయ్యబ్ అనే నమ్మకం గురించి. అకాలంగా పోయినవాళ్ళు నిజంగా పోలేదు, ఎవరో మంత్రం వేసి మాయం చేశారు, మంత్రం విడిపోతే తిరిగొస్తారు అని. మన హైదరాబాదు వాళ్ళు 'గాయబ్ అయిపోయాడు' అంటారే, అదే అరబ్బీ కుదురు. మత బోధనలకి ఇది కుదరకపోయినా జనంలో నిలిచే ఉందని ఆ వ్యాసం చెబుతుంది. దుఃఖం ఎలా ఉండాలో ఆ సమాజం చావుని చూసే తీరు మీద ఆధారపడి ఉంటుందని కూడా. అది చదివిన రోజు చాలాసేపు కిటికీ దగ్గర నిలబడిపోయాను. పాతిపెట్టినవాడి కోసం ఎదురుచూసేవాళ్ళు నేనున్న ఊళ్ళోనే ఉన్నారు. వాళ్ళ ఎదురుచూపుని ఒకాయన కూర్చుని విని, రాసి, అర్థం చేసుకోవాలని చూశాడు. నేనేమో పాతిపెట్టడం కూడా కళ్ళతో చూడని తల్లికి పావుగంటలో పాఠం చెప్పి పంపాను.

ఇదంతా ఆ అమ్మాయికి పెసరట్లు పోస్తూ చెప్పాను. ఎవరికీ పూర్తిగా చెప్పలేదు ఇంతవరకు, మా ఆయనకి కూడా. మనసులో ఉన్న ఆశ కూడా చెప్పేశాను. నువ్వు ఇక్కడే ఉండిపోవే, మన భాషలో వినేవాళ్ళు కావాలి, అరబ్బీ, ఇంగ్లీషు రానివాళ్ళు ఎక్కడికి వెళతారు అని. "ఇక్కడ లైసెన్స్ లేకుండా ఒక్కళ్ళ దగ్గర కూడా కూర్చోకూడదాంటీ" అంది. పట్టాలు నిజమైనవో కాదో డేటాఫ్లో వాళ్ళు సరిచూడాలి, ఆపైన ఇక్కడి వైద్య శాఖ అనుమతి, ఆ తర్వాత తెలుగు వచ్చినవాళ్ళని పెట్టుకునే ఆసుపత్రి దొరకాలి. దొరికినా, సెలవే లేని పనిమనిషి అక్కడిదాకా ఎలా వస్తుంది? దానికి తన దగ్గరా సమాధానం లేదు. జూమ్‌లో అయినా అంటే, ఏ దేశంలో కూర్చున్న మనిషికి ఏ దేశపు లైసెన్సు అని మళ్ళీ మొదలు. నాకు కాస్త ఒళ్ళు మండింది. నేను ఏ లైసెన్సూ లేకుండా పన్నెండేళ్ళు వినలేదూ అనబోయి ఊరుకున్నాను.

నా తప్పు గురించి ఓదారుస్తుందేమో అని కూడా ఉంది లోపల. "మీరు మంచి మనసుతోనే చేశారు కదాంటీ" అంటుందని. అనలేదు. పళ్ళెం పక్కన పెట్టి కాసేపు మాట్లాడకుండా కూర్చుంది. నేర్పించిన పనే కాబోలు. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"ఆ అబ్బాయి పేరేంటాంటీ?"

తెలియదు. ఎంత వయసో తెలియదు. ఏం చదువుతున్నాడో, పనికి వెళ్ళేవాడో, తల్లికి ఫోనులో ఆఖరిసారి ఏం చెప్పాడో తెలియదు. ఆవిడ పేరు తెలుసు, ఇక్కడ రాయను. పిల్లాడి గురించి ఒక్క మాట అడగకుండా పిల్లాడు పోయాడని ఒప్పుకోమన్నాను.

ఆ తర్వాతి శుక్రవారం రూవీ చర్చికి వెళ్ళాను. పదిహేనేళ్ళలో మనుషులంతా మారిపోయారు. ఆవిణ్ణి తీసుకొచ్చినామె కూడా ఎప్పుడో ఊరికి వెళ్ళిపోయింది. ప్రార్థన అయ్యాక గోడ నీడన టిఫిన్ డబ్బాలు విప్పుకుంటున్న ఆడవాళ్ళలో ఒక పెద్దావిడ అమలాపురం దగ్గరే అంటే పక్కన కూర్చున్నాను. చెప్పాను, ఫలానా పేరు, పదిహేనేళ్ళ కింద, కొడుకు కాలవలో పోయాడు అని. ఆవిడ తినడం ఆపి ఆలోచించింది. పక్కవాళ్ళని అడిగింది. ఆ పేరుగలవాళ్ళు ఊరికి నలుగురుంటారండి, అన్నారు.

"మా కాడ ఆడోళ్ళని పేరెట్టి ఎవరు పిలుత్తారండి, పలానా వోడి అమ్మ అంటారు" అంది పెద్దావిడ. "ఆ కుర్రోడి పేరు సెప్పండి, గుర్తట్టేత్తాం."