ఛాయాపటము మ్రింగిన లక్ష్మి

హంపీ నృసింహుని ఛాయాపటము లేని శిల్పచిత్రసంపుటము అరుదు. వానిలో పెక్కింటికి తీరొక్కటియే. కెమెరాను నేలకానించి మోము పైకెత్తుదురు. కటకమునకు ఎఱ్ఱగాజు తొడుగుదురు. ఆ గాజు నీలికాంతిని అడ్డగించుటచే పట్టపగటి నిర్మలాకాశము కాటుకవలె నల్లనగును. ఇరువదిరెండడుగుల యేకశిలావిగ్రహము ఆ చీకటిలోనుండి గ్రుడ్లురిమి చూచును. క్రింద 'ఉగ్రనరసింహుడు' అని పేరు. చూచినవారు ఆహా యందురు.

ఎక్కడి యుగ్రుడు? కృష్ణదేవరాయల కాలమున, 1528లో చెక్కబడినవాడు లక్ష్మీనృసింహుడు. దేవి స్వామి యెడమతొడపై గూర్చుండెడిది. పిదపటి విధ్వంసమున ఆమె మూర్తి యూడిపోయినది. స్వామి వీపుమీద వైచిన చేయి మాత్రము నేటికిని నిలిచియున్నది. ఆ చేయి కన్పట్టు పటములెన్ని? వెనుకకు బోయి చూచిన ఛాయాగ్రాహకులెందఱు? విఱిగిన చోటుపై దట్టముగా నీడ పఱచి, లోపమునే రౌద్రరసమని చెలామణి చేయుచున్నారు! ఇల్లాలిని గోల్పోయినవాని ముఖము జూపి, ఇతడు పుట్టుకోపి యనుట యేమి న్యాయము?

నలుపుతెలుపుల పటముతో నాకు వైరము లేదు. ప్రొద్దుపొడుపు వేళ యేటవాలు వెలుగున రాతి గఱుకుదనమును, ఉలిచాళ్లను అది చూపినట్లు రంగులపటము చూపజాలదు. 1856లోనే గ్రీన్‌లా దొర మైనము పూసిన కాగితపు నెగెటివులపై హంపీ శిథిలములను దింపెను. శిథిలములను శిథిలములుగనే చూపెను.

సంపుటములు వెలువరించువారు ముందుపటము ప్రక్కనే వెనుకపటమును గూడ ముద్రింపవలెను. పుటలో చోటు చాలదందురా? ఆ నల్లని యాకాశమును కొంత కత్తిరించిన చాలును.